పసుపు దీపము వెలిగినప్పుడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. ఈ విశ్వావసు సంవత్సరములో ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. మా రాశికి వ్యయమే ఎక్కువ వచ్చినది. అందులో సగము కారు ఖాతాలోకి పోవునని పంచాంగము చూడకుండనే మాకు తెలియును. తరువాత పద్యములున్నవి, పిల్లల నాటిక ఉన్నది. ఈ నడుమ మా వంటి గుమాస్తాలను నిలబెట్టి మాట్లాడుమనుట కార్యదర్శిగారి సాహసము. మెట్రిక్ చదివి రైల్వే గూడ్సు ఆఫీసులో వాగన్ల లెక్క వ్రాసుకొనేవారికి సాహిత్యమెక్కడిది? "ఏమి మాట్లాడమంటారు?" అని అడిగితే ఆయన, "మీ కారు సంగతే చెప్పండి, ఊరంతా దానినే చెప్పుకొన్నది గదా" అన్నారు. నవ్వుచున్నారు. నవ్వండి. మేమును ఇప్పుడు నవ్వుచున్నాము గాని నిరుడు ఆశ్వయుజములో నవ్వలేదు.

మేము అన్నప్పుడెల్ల అయిదు కుటుంబములని అర్థము చేసికొనగోరెదము. మూడు రైల్వే కుటుంబములు, రెండు కార్ఖానాలో కాంట్రాక్టు పనివారి కుటుంబములు. మనలో చాలామంది వచ్చిన దారి ఒకటే. కోరాపుట్-రాయగడ రైలుమార్గము 1998 నాటికి పూర్తి అయినది. 2013లో ఈ డొరగుడలో ఉత్కళ్ అల్యూమినా కార్ఖానా మొదలైనది. బాఫ్లిమాలి కొండ మీది బాక్సైటు బెల్టు మీద ఇక్కడికి దిగుచుండును. పని ఉన్నచోటికి పార్వతీపురము, సాలూరు, బొబ్బిలి, శ్రీకాకుళము వైపుల నుండి మనము వచ్చి చేరినాము. అన్నము దొరికినది, సందేహము లేదు. కాని ఒంట్లో బాగులేకపోతే రాయగడో, కోరాపుటో పోవలెను. గట్టి జబ్బు అయితే విశాఖపట్టణమే. రైలున్నది గాని రోగము రైలు వేళకు రాదు. అందుచేత 2023లో మేము అయిదు ఇండ్లవారము తలా నలుబది రెండువేలు వేసికొని, 2017 నాటి పెట్రోలు కారు ఒకటి సెకండుహాండులో కొన్నాము. నడుపుటకు ఈ ప్రాంతపు కుర్రవానిని కుదుర్చుకొన్నాము. ఇరువది రెండేండ్లవాడు. నెమ్మదస్థుడు. వచ్చీరాని తెలుగు మాట్లాడేవాడు. మా ఒడియా అంతకంటె గొప్పది కాదు.

2024 ఆగస్టులో ఒకనాడు ఆ కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపము వెలిగినది. ఇంజను బొమ్మ ఉంటుందే, అది. చెక్ ఇంజను లైటు అంటారు. తాళము తిప్పగానే అది వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవలెను. మాది ఆరలేదు. కారు మాత్రము చక్కగా పోవుచున్నది. శబ్దము లేదు, పొగ లేదు. మాలో ఒకరు, పేరు చెప్పము, ఇక్కడనే కూర్చున్నారు, "రాత్రిపూట కంటికి గుచ్చుకొనుచున్నది" అని ఇంటావిడ బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి ఆ దీపము మీద అంటించినారు. సమస్య తీరినదనుకొన్నాము.

బండి బాగుగా పోవుచుండగా దీపమెందుకు వెలుగును? ఈ ప్రశ్న మీలో కార్లున్న వారందరికీ వచ్చి ఉండును. సంగతి ఏమంటే, ఆ దీపము పుట్టినది డ్రైవరు సౌఖ్యము కొరకు కాదు, ఊరి గాలి కొరకు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరము మీద పట్టపగలు కళ్ళు మండించే పొగమంచు కమ్ముకొనేది. 1950ల మొదట హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, కార్లు విడిచే పొగ, చమురు శుద్ధి కార్ఖానాల ఆవిరి ఎండలో కలిసి ఆ మంచు పుట్టుచున్నదని నిరూపించినాడు. తరువాత చట్టములు వచ్చినవి. పొగను శుభ్రము చేసే సరంజామా చెడిపోతే బండి తనంతట తానే చెప్పవలెనని కాలిఫోర్నియావారు 1988 మోడళ్ళ నుండి కట్టడి చేసినారు. 1996 నుండి అమెరికా కార్లన్నింటికీ ఒకే రకపు కోడులు, పదునారు పిన్నుల సాకెట్టు ఒకటి నిర్ణయమైనవి. మన దేశములో భారత్ స్టేజి నాలుగు కింద 2010లో మొదటి మెట్టు, 2013 ఏప్రిలు నుండి రెండవ మెట్టు వచ్చినవి. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి ఆరు వచ్చి మోటారుసైకిళ్ళకు కూడ ఈ దీపము పెట్టించినది. కనుక బండి పరుగు చూచి దీపమును అబద్ధికురాలనరాదు. అది చూచేది వేరు, మనము చూచేది వేరు.

మేము ఈ జ్ఞానమేదీ లేకుండ ఒక పట్టణములోని షెడ్డుకు బండి తీసికొనిపోయినాము. ఆ ఊరిపేరు, షెడ్డుపేరు ఇక్కడ అనవసరము. వారు స్టీరింగు కింద ఏదో యంత్రము తగిలించి చూచి, "ఆక్సిజన్ సెన్సారు పోయినది" అన్నారు. ఏడువేల నాలుగు వందలు. మార్చినారు. దీపము ఆరినది. దండము పెట్టి వచ్చినాము. మూడవ నాడు మరల వెలిగినది.

అప్పటికి వానలు గట్టిపడినవి. సెప్టెంబరులో మాలో ఒకరి తల్లిగారిని గుండె పరీక్షకు విశాఖ తీసికొని వెళ్ళవలసి వచ్చినది. వెళ్ళేటప్పుడు బాగుగానే వెళ్ళినారు. తిరుగు ప్రయాణములో సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుచుండగా, చీకటి పడే వేళకు, బండి కుదుపులు ఇచ్చుట మొదలైనది. బొట్టుబిళ్ళ చుట్టూ దీపము మిణుకుమిణుకుమని కొట్టుకొనుట కనబడినది. డ్రైవరు బండి పక్కకు తీసి ఆపినాడు. వెనుకసీట్లో ముసలమ్మగారు, బయట వాన, లారీలు హారన్లు కొట్టుకొంటూ ఆనుకొని పోవుచున్నవి. "ఆపమన్నదెవరు? మెల్లగా పోనీ" అని మావాడు గద్దించినాడు. కుర్రవాడు కదలలేదు. "ఇంజను పాడవును బాబూ" అని మాత్రము అన్నాడు. నాలుగు గంటలు అక్కడనే ఉన్నారు. చివరకు జీపువాడెవడో దయతలచి పెద్దావిడను ఎక్కించుకొని పొట్టంగి దాటించినాడు.

ఇక్కడ ఒక్క ముక్క నిలిచి చెప్పవలెను. దీపము నిలకడగా వెలిగితే బండి నడుపవచ్చును. వీలైనంత త్వరలో చూపించవలెను, అంతే. కొట్టుకొంటూ ఉంటే మాత్రము అర్థము వేరు. ఏదో ఒక సిలిండరులో పెట్రోలు మండుట లేదు. మండని పెట్రోలు పొగగొట్టములోని కాటలిటిక్ కన్వర్టరులోనికి పోయి అక్కడ మండును. ఆ కన్వర్టరు లోపల తేనెపట్టు వంటి పింగాణీ గూడు ఉండును. వేడికి అది కరగి ముద్ద కాగలదు. దాని వెల ముందు మా సెన్సారు వెల పప్పుబెల్లములు. కనుక వేగము తగ్గించి, వీలు చూచుకొని ఆపవలసినదే. ఎర్ర దీపములు, నూనెడబ్బా బొమ్మ, థర్మామీటరు బొమ్మ, ఇవి వెలిగితే ఇక ఆలోచనయే లేదు, అక్కడికక్కడే ఇంజను ఆపవలెను. ఆ రాత్రి ఆ కుర్రవాడు చేసినది అక్షరాలా సరియైన పని. అది తెలిసేటప్పటికి మాకు నెల పట్టినది.

ఈలోగా మేము చేసిన పని వినండి. మరునాడు అయిదుగురమూ కూర్చున్నాము. సాలూరులో పెట్రోలు పోయించుటకు వాడొక్కడే వెళ్ళినాడని ఒకరన్నారు. కిరసనాయిలు కలిపి పెట్రోలు అమ్ముకొన్నాడేమో అని ఇంకొకరన్నారు. ఏమో అన్నమాట సాయంత్రమునకు నిశ్చయము అయినది. వానిని పిలిచి అడిగినాము. వాడు తల వంచుకొని, "ఘాటీలోనే కొడుతుంది బాబూ, కిందన కొట్టదు" అన్నాడు. "మేమడిగినదేమి, నీవు చెప్పేదేమి" అని మండిపడినాము. పదకొండు దినముల కూలి నిలిపివేసి, పంపివేసినాము. తరువాత ఇంకొక షెడ్డులో కాయిలు మార్పించి అయిదువేల రెండు వందలు సమర్పించుకొన్నాము. వారము తిరగకుండ దీపము మళ్ళీ ప్రత్యక్షము.

దసరాకు మా మిత్రుని తండ్రిగారు పార్వతీపురము నుండి వచ్చినారు. రైల్వే సిగ్నలు శాఖలో మెయింటెయినరుగా ముప్పది సంవత్సరములు పనిచేసి రిటైరైనవారు. మేమందరము బాబాయిగారంటాము. కథ విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కోడేటర్రా?" అని. మాకు తెలియదు. షెడ్డువారు చెప్పలేదు, మేమడగలేదు. "ఫెయిల్యూరు మెమో చూడకుండ పన్నెండువేలు ఇచ్చీసేరా?" అన్నారు. గుమాస్తాలమై ఉండి ఆ మాట పడినాము.

ఆయన సలహాపై పదకొండు వందలు పెట్టి చిన్న అగ్గిపెట్టెంత స్కానరు తెప్పించినాము. స్టీరింగు కింద ఉన్న పదునారు పిన్నుల సాకెట్టులో దానిని గుచ్చితే ఫోనుతో మాట్లాడును. నాలుగు కోడులు వచ్చినవి. పి 0135, పి 0141, పి 0443, పి 0303.

ఈ అంకెలు మంత్రములు కావు. వీనిని చదువవచ్చును. మొదటి అక్షరము ఏ శాఖయో చెప్పును. పి అంటే ఇంజను, గేరుపెట్టె. బి అంటే బండి లోపలి ఏర్పాట్లు. సి అంటే బ్రేకులు, చక్రముల వైపు. యు అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే తీగెల గొడవ. రెండవ స్థానములో సున్న ఉంటే అన్ని కంపెనీలకూ చెల్లే కోడు, ఒకటి ఉంటే చాలమట్టుకు ఆ కంపెనీవారి సొంతము. మూడవ అంకె ఒకటిగాని రెండుగాని అయితే గాలి-పెట్రోలు పాళ్ళు, మూడైతే నిప్పురవ్వ, నాలుగైతే పొగ శుభ్రము చేసే పరికరములు. ఇక మా కోడులు చూడండి. 0135 ముందు ఆక్సిజన్ సెన్సారును వేడిచేసే తీగచుట్టకు కరెంటు సరిగా లేదనుట. 0141 వెనుక సెన్సారుకు అదే ఫిర్యాదు. 0443 పెట్రోలు ఆవిరిని ఇంజనులోకి వదిలే వాల్వు కరెంటు సంగతి. 0303 మూడవ సిలిండరు సరిగా మండలేదనుట.

బాబాయిగారు కళ్ళజోడు సర్దుకొని అన్నారు: "ఒరే, కాలనీలో ఒకే వరుసలో మూడిండ్లకు ఒకేసారి దీపాలు పోతే బల్బులు మారుస్తావా, స్తంభం దగ్గర ఫ్యూజు చూస్తావా?"

మేము మాట్లాడలేదు. ఏడువేల నాలుగు వందల బల్బు మార్చినవారము గదా.

కోడు విషయములో జనులు పడే పొరపాటు ఇదే. 0135 అని వస్తే సెన్సారు చచ్చినదని చదువుదురు. కోడు అట్లు చెప్పుట లేదు. ఆ సర్క్యూటులో కరెంటు లెక్క కుదరలేదని మాత్రము చెప్పుచున్నది. సర్క్యూటు అంటే ఫ్యూజు, రిలే, తీగె, కనెక్టరు, సెన్సారు, ఎర్తు, చివరకు కంప్యూటరు. ఇందులో ఎవరు దోషియో వెదకవలసినది మనము. రైల్వేవారికి ఇది కొత్త కాదు. ట్రాక్ సర్క్యూటులో ఒక చిన్న తీగె తెగినా రిలే పడిపోయి సిగ్నలు డేంజరులో నిలుచును. ఎర్ర సిగ్నలు చూచి లైను మీద బండి ఉన్నదని స్టేషను మాస్టరు ప్రమాణము చేయడు గదా. మనిషిని పంపి చూపించును.

ఫ్యూజుపెట్టె మూత తీసి, పటము చూచి, ఆ మూడు పరికరములకు ఉమ్మడిగా కరెంటు ఇచ్చే ఫ్యూజు ఊడబెరికినారు. లోపలి తీగె కాలిపోయి ఉన్నది. పదిహేను రూపాయల సరకు. మేము కొత్తది వేసి లేవబోతే ఆయన చేయి పట్టుకొన్నారు. ఫ్యూజు ఊరకే కాలదు. కాలిన కారణము అక్కడనే కూర్చుండును, కొత్త ఫ్యూజును కూడ కాల్చును. ఇంకా పెద్ద నంబరు ఫ్యూజు వేస్తే తీగెనే కాల్చును, బండినే కాల్చును. ఆ పని ఎన్నడును చేయకండి.

బాటరీ నెగటివు విప్పి, తీగెల కట్టను చేతితో తడుముకొంటూ పోయినారు. ఇంజను వెనుక, గోడకు ఇంజనుకు నడుమ, చేయి పట్టని సందున ఎలుకగూడు దొరికినది. వేరుసెనగ తొక్కలు, గుడ్డపేలికలు, మా ఇంటి పాత ఉగాది ఆహ్వానపత్రము ముక్క ఒకటి. వానకాలములో కారుకింద కంటె కారులోపల వెచ్చగా ఉండునని ఎలుకకు తెలిసినది. ఒక తీగె మీది ప్లాస్టిక్ కొరికివేసినది. ఆ రాగి ఇనుప బ్రాకెట్టుకు తగిలినప్పుడెల్ల షార్టు అయి ఫ్యూజు పోయినది. దాని పక్కనే మూడవ కాయిలుకు పోయే తీగె కొరకబడి, రెండుమూడు రాగి పోగుల మీద వ్రేలాడుచున్నది.

ఈ రెండవ తీగె సంగతిలో ఒక మెలిక ఉన్నది. మాలో ఒకరు మల్టీమీటరు పెట్టి చూచి, "కనెక్షనున్నది, బాగున్నది" అన్నారు. మీటరు పంపేది చీమంత కరెంటు. దానికి ఒక్క పోగు చాలును. కాయిలు అడిగేది అంతకు ఎన్నో రెట్లు. సిగ్నలువారు అందుకే తీగెను బల్బు భారము పెట్టి పరీక్షింతురట. బల్బు మసకగా వెలిగితే తీగె బలహీనమైనట్లు. ఆ పైన ఆయన బాటరీ తిరిగి తగిలించి, ఇంజను నడుపుచు కొయ్యపుల్లతో ఆ తీగెల కట్టను కొంచెము కదిపినారు. ఇంజను దగ్గినది. మళ్ళీ కదిపినారు, మళ్ళీ దగ్గినది. ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను బరువుకు వెనుకకు ఒరుగును. అప్పుడు తీగె లాగబడి ఎడము అగును. కాయిలు మార్చినా ఈ తీగె మారలేదు గదా. మైదానములో కుదుపు లేదు, కొండమీద ఉన్నది. ఈ మాట మాకు ఎవరో ముందే చెప్పినట్లు జ్ఞాపకము వచ్చి, ఒకరి మొగము ఒకరము చూచుకొన్నాము.

పాడైన భాగము కోసి, కొత్త తీగె కలిపి, టంకము పెట్టి, వేడికి బిగుసుకొనే తొడుగు వేసి, కట్టను బ్రాకెట్టుకు దూరముగా జరిపి కట్టినాము. మొత్తము ఖర్చు నూట ఎనుబది రూపాయలు. కాఫీ ఫలహారములు వేరు.

కోడులు చెరిపివేసే మీట స్కానరులో ఉన్నది గాని ఆయన వెంటనే నొక్కనీయలేదు. కోడు పడిన క్షణమున ఇంజను ఎంత వేగముతో తిరుగుచున్నది, ఎంత భారము మోయుచున్నది, ఎంత వేడిగా ఉన్నది అన్నవి కంప్యూటరు పటము తీసినట్లు దాచుకొనును. ఫ్రీజ్ ఫ్రేమ్ అందురు. చెరిపితే అదియు పోవును. షెడ్డులలో ముందు చెరిపి తరువాత ఆలోచింతురు. అది ఫెయిల్యూరు రిజిస్టరులో పేజీ చింపివేసినట్లు. చెరపగానే దీపము ఆరుట జబ్బు నయమగుట కాదని కూడ తెలిసికొనండి. చాల కోడులకు కంప్యూటరు ఒక ప్రయాణములో తప్పు చూచి మనస్సులో పెట్టుకొని, రెండవ ప్రయాణములో మళ్ళీ చూస్తేనే దీపము వెలిగించును. మూడు రోజులు ఆరినదని మేము దండము పెట్టినది ఈ ఆలస్యమునకే. నిజముగా బాగుపడితే సామాన్యముగా వరుసగా మూడు ప్రయాణములు సరిగా జరిగిన తరువాత దానంతట అదే ఆరును. కోడు ఇంకను లోపల ఉండి, నలుబది మారులు ఇంజను చల్లబడి వేడెక్కిన తరువాత తొలగును.

మాకు వచ్చిన చదువు ఎంతో ఈ సంవత్సరము జనవరిలో పరీక్ష జరిగినది. మళ్ళీ దీపము. ఈసారి బొట్టుబిళ్ళ వెదకలేదు, స్కానరు పెట్టినాము. పి 0113. ఇంజనులోకి పోయే గాలి వేడిని కొలిచే సెన్సారు సర్క్యూటులో వోల్టేజి ఎక్కువగా ఉన్నదట. ఫోనులో గాలి వేడి చూస్తే సున్నకు దిగువ నలుబది డిగ్రీలు! డొరగుడలో పుష్యమాసపు చలి గట్టిదే గాని ఇది హిమాలయము కాదు. కంప్యూటరు ఆ సెన్సారుకు అయిదు వోల్టులు పంపుచుండును. వేడి పెరిగితే సెన్సారు నిరోధము తగ్గి వోల్టేజి తగ్గును, చలికి పెరుగును. తీగె ఊడితే నిరోధము అనంతము, వోల్టేజి నిండుగా అయిదు. కంప్యూటరు పాపము దానిని మహా చలి అనుకొనును. నలుబది మైనస్ కనబడితే చలి కాదు, తెగిన దారి. కనెక్టరు చూడబోతే సగము ఊడి ఉన్నది. ముందు ఆదివారము గాలి ఫిల్టరు దులిపినవారము మేమే. టిక్కుమనేదాక నొక్కినాము. పైసా ఖర్చు లేదు. ఒకవేళ కనెక్టరు గట్టిగా ఉంటే రెండు పిన్నుల సెన్సారుకు ఇంకొక పరీక్ష ఉన్నది. కనెక్టరు విప్పి, తీగెలవైపు రెండు కొనలను చిన్న తీగెతో కలిపితే ఫోనులో అంకె ఒక్కసారిగా మండుటెండకు ఎక్కవలెను. ఎక్కితే తీగె, కంప్యూటరు మంచివి, సెన్సారు చెడినది. ఎక్కకపోతే తీగెలో వెదకవలెను. రెండుకంటె ఎక్కువ పిన్నులున్నచోట ఈ సాహసము చేయకండి.

మోటారుసైకిళ్ళున్న యువకులు అడుగుచున్నారు. కొన్ని బండ్లలో స్కానరు లేకుండనే దీపము తన కోడును కొట్టుకొని చెప్పును. పొడుగు మెరుపు పదికి లెక్క, పొట్టి మెరుపు ఒకటికి. బండితో ఇచ్చిన పుస్తకములో చూచుకొనండి. అమ్మివేసిన పాత పేపర్లలో ఆ పుస్తకము పోయి ఉంటే మేము చేయగలది లేదు. సెకండుహాండు బండి కొనబోయేవారు ఒకటి గమనింపవలెను. తాళము తిప్పినప్పుడు ఇంజను బొమ్మ అసలే వెలగకపోతే సంతోషింపకండి. లోపల ఎవరో దానిని కళ్ళు మూయించి ఉందురు. ఒకేసారి పదిపన్నెండు కోడులు, అందులో యు కోడులు కూడ వస్తే, ముందు బాటరీ, ఎర్తు తీగె చూడండి. బండి ఆగి ఉన్నప్పుడు బాటరీ పన్నెండున్నర వోల్టుల పైన, ఇంజను నడుచునప్పుడు సుమారు పదునాలుగు ఉండవలెను.

ఇంతటితో దిగిపోదుమనుకొన్నాము. కాని బాబాయిగారి గొప్ప చెప్పి ఆ కుర్రవాని సంగతి చెప్పకుండ దిగుట మాకు సమ్మతము కాలేదు.

తీగెలు బాగుచేసిన సాయంత్రము కారు కడుగుచు డ్యాష్‌బోర్డు పెట్టె ఖాళీ చేసినాము. అందులో నలిగిన నోటుబుక్కు ఒకటి ఉన్నది. ఒడియాలో వ్రాసి ఉన్నది. మేము ఈ దేశమునకు వచ్చి తొమ్మిది సంవత్సరములు. ఒడియా మాట్లాడుదుము, సంతలో బేరమాడుదుము. అక్షరము రాదు. వాడు ఆ నోటుబుక్కు మాకు రెండుమూడు మారులు చూపించినాడు. పెట్రోలు చిట్టాలెమ్మని తల ఊపినాము. ఆ రాత్రి మా అమ్మాయి, ఏడవ తరగతి, ఇక్కడి బడిలో ఒడియా చదువుచున్నది, దీపము కింద కూర్చుండి చదివి వినిపించినది. తేదీలు, కిలోమీటర్లు, లీటర్లు, రూపాయలు. పక్కన సన్నని అక్షరములతో: "14 ఆగస్టు. బోనెటు కింద ఎలుక పెంట. బాబులకు చెప్పాను." దాని తరువాతి పేజీలో: "ఘాటీ ఎక్కితే మూడో గేరులో కుదుపు. దీపం కొట్టుకుంటుంది. కిందన బాగుంది." ఇంకొక పేజీలో: "కొత్త సెన్సారు. మూడు రోజులకు దీపం. సెన్సారు కాదు."

ఏ బాబుకు చెప్పినాడో మాలో ఎవరికిని జ్ఞాపకము రాలేదు. లీటర్లు, కిలోమీటర్లు మేము కూడినాము. కూడిక మా వృత్తి. మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు లీటరుకు పదునారు కిలోమీటర్ల లెక్కన సరిపోయినది. ఒక్క లీటరు తేడా లేదు.

వానిని వెదకుటకు రెండు ఆదివారములు పట్టినది. నీళ్ళ టాంకరు నడుపుచున్నాడు. అయిదుగురమూ వెళ్ళినాము. పదకొండు దినముల కూలి ఇచ్చినాము. పైన రెండువేలు పెట్టినాము. కూలి లెక్కపెట్టుకొని తీసికొన్నాడు, రెండువేలు తిరిగి ఇచ్చివేసినాడు. మా కారుకు మళ్ళీ రమ్మని అడిగితే, టాంకరు పని బాగున్నదన్నాడు. క్షమించుమని అడుగుటకు ఒడియాలో సరియైన మాట మాలో ఎవరికిని రాలేదు. తెలుగులోనే అన్నాము. వాడు కొంచెముసేపు ఊరకుండి, "దీపం ఎక్కడ?" అని అడిగినాడు. ఎలుకగూడు సంగతి, మూడవ కాయిలు తీగె సంగతి చెప్పినాము. ఇంజను వెనుక ఏ వైపో చేతితో చూపించి, "ఇక్కడా?" అన్నాడు. అక్కడే.

నోటుబుక్కు తిరిగి ఇమ్మన్నాడు, ఇచ్చినాము. అంతకుముందే మా అమ్మాయి దానిని తెలుగులోకి ఎత్తి వ్రాసి పెట్టినది. ఆ ప్రతి ఇప్పుడు కారులో ఉన్నది. జనవరిలో మేము వ్రాసిన 0113 దానిలో చివరి పద్దు. కారు కావలసినవారు ముందురోజు చెప్పండి. అక్షరాభ్యాసము కూడ సాగుచున్నది. ప్రతి శుక్రవారము సాయంత్రము మా వరండాలో మా అమ్మాయి అయిదుగురు పెద్దవారికి ఒడియా గుణింతము చెప్పుచున్నది. పలకలు ఇంకా నాలుగు ఉన్నవి, రాదలచినవారు రావచ్చును.